ఎస్ఎంసీకి అధికారమా, తల్లిదండ్రులకు వోచరా: ఏది ముందు?

మీరు అడిగింది ఇదీ: మీ ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు ఈసారి ఎస్ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) ఛైర్మన్‌గా ఎన్నికయ్యారు. పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. ప్రభుత్వం బడికి ఇంకాస్త స్వేచ్ఛ ఇచ్చి, తల్లిదండ్రులకు నచ్చిన బడిలో చేర్పించుకోమని డబ్బు, అంటే వోచరు, చేతికిస్తే సర్కారు బడులు బాగుపడతాయా, లేక ఉన్న నలుగురూ పోతారా?

నేను ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) చేరి, జడ్పీ హైస్కూలు హెచ్ఎంగా రిటైరయ్యాను. మధ్యలో కొన్నాళ్లు ఇన్‌చార్జి ఎంఈవో (మండల విద్యాధికారి) బరువు కూడా మోశాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఎంపిక ఇప్పటికే ఉంది. పొద్దున్నే మీ ఊరి సెంటర్లో వరసగా ఆగే కాన్వెంటు బస్సులు దానికి సాక్ష్యం. లేనిదల్లా బడికి స్వేచ్ఛ. పిల్లలు పోతున్నారని బడికి తెలుసు. ఎందుకు పోతున్నారో కూడా తెలుసు. తెలిసినా ఏం చేయాలన్నా ఆ ప్రహరీ లోపల ఎవరి చేతిలోనూ అధికారం లేదు. ఆ పరిస్థితిని అలాగే ఉంచి పైన వోచర్లు పంచితే బస్సుల సంఖ్య పెరుగుతుంది, అంతే. అందుకే నేను స్వేచ్ఛే ముందు అంటాను. అయితే అన్నిట్లోనూ కాదు. ఎందులో ఇవ్వాలి, ఎందులో ఇవ్వకూడదు అన్న దగ్గరే అసలు చర్చ ఉంది.

చట్టం సంగతి త్వరగా చూసేద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 21వ సెక్షన్ ప్రకారం మీ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడాలి, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి, గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో గమనించాలి. అంటే చూడమంది, రాసి పంపమంది. నిర్ణయించమని మాత్రం అనలేదు. మనకు ఇది కొత్త ప్రయోగమూ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్య చట్టం తెచ్చారు, తల్లిదండ్రుల చేత కమిటీలు ఎన్నుకోనిచ్చారు. అంతకుముందే 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చింది. కేరళ 1995లో బడులను నిజంగానే స్థానిక సంస్థలకు అప్పగించింది. మన దగ్గర గోడ మీద ‘మండల పరిషత్’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఆ బడికి సుద్దముక్కలు కొనే విషయంలో కూడా మండల పరిషత్ అధ్యక్షుడికి (ఎంపీపీకి) పాత్ర ఉండదు. అన్నీ పాఠశాల విద్య కమిషనరేట్ నుంచి దిగాల్సిందే.

ఇక డబ్బు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఛైర్మన్‌గా మీరు మొదట తల పట్టుకునేది ఇక్కడే.

సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద బడికి వచ్చేది కాంపోజిట్ గ్రాంటు. పిల్లలు 30 మంది లోపుంటే 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1000 వరకు 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే పెట్టాలి. రిజిస్టర్లు, సుద్దముక్కలు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ ఇందులోంచే. 2021 నుంచి సింగిల్ నోడల్ ఖాతా (రాష్ట్రం మొత్తానికీ ఒకే ఖాతా) పద్ధతి వచ్చాక బడి ఖాతాలో డబ్బంటూ ఉండదు, జీరో బ్యాలెన్స్. రాష్ట్ర కార్యాలయం ఖర్చు పరిమితి (లిమిట్) ఇస్తే ఆ మేరకు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్ఎంఎస్‌లో చెల్లింపు పెట్టాలి. గడువులోపు వాడకపోతే లిమిట్ వెనక్కి పోతుంది.

కాగితం మీద ఇది పద్ధతిగానే ఉంటుంది. ఇప్పుడు జూలైలో బోరు మోటారు కాలిందనుకోండి. వైండింగ్ చేసే మనిషి మీ ఊళ్లోనే, బడికి నాలుగు ఇళ్ల అవతల ఉంటాడు. అతనికి జీఎస్టీ నంబరు లేదు, అచ్చు బిల్లు పుస్తకం లేదు. అతన్ని వెండర్‌గా ఎక్కించాలంటే పాసుబుక్కు, ఆధారు, పాన్ అన్నీ తెమ్మంటారు. అవన్నీ తెచ్చినా ఆ నెలకి లిమిట్ ఇంకా పడలేదు. ఈలోపు మరుగుదొడ్లకు నీళ్లు లేవు. హైస్కూలైతే పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తిరిగి రారు. చివరికి హెచ్ఎం జేబులోంచి తీసి ఇస్తాడు. మనసున్నవాడైతే. లేకపోతే ఎంఈవో గారికి ఒక లెటరు పెట్టి ఊరుకుంటాడు, అది కూడా రూలు ప్రకారం తప్పు కాదు. గ్రాంటు ఫిబ్రవరిలో వస్తుంది, మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. అప్పటికి మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఆ డబ్బుతో ఫ్లెక్సీలూ, గోడల మీద బొమ్మలూ వస్తాయి. ఇదే మోటారు కాన్వెంటులో కాలితే కరస్పాండెంటు సాయంత్రానికల్లా వైండింగ్ చేయించి బిగించేస్తాడు. తల్లి చూసేది ఈ తేడానే. మన టీచరు డీఎస్సీ రాసి సెలెక్టయ్యాడా, అక్కడి టీచరు ఇంటర్ ఫెయిలా అన్నది ఆమెకు కనిపించదు. కుళాయిలో నీళ్లు కనిపిస్తాయి.

కమిటీకి డబ్బిస్తే తినేస్తారని అధికారులు అంటారు. ఆ మాటకు మన దగ్గరే ఒక జవాబు ఉంది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన సర్కారు బడుల మరమ్మతు పథకం ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడుల పనులు కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. దిగిన సిమెంటు బస్తాలను ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, రాత్రికి వాచ్‌మన్ లేకపోతే తామే కాపలా పడుకున్న తల్లిదండ్రులను నేను చూశాను. పనులు అయ్యాక సంతకం పెట్టి వెళ్లిపోయిన ‘పేపరు కమిటీ’లనూ చూశాను. తేడా ఎక్కడంటే, ఎన్నిక బడి ఆవరణలో అందరి ముందూ జరిగిన చోట పని బాగుంది. పెద్దమనుషుల అరుగు మీద పేర్లు ఖాయమై, మినిట్స్ బుక్కు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకున్న చోట బాగోలేదు. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. లక్షల రూపాయల పని చేయించిన అదే కమిటీకి, పనులు ముగిశాక ఓ మూడు వేల రూపాయల మోటారు రిపేరు సొంతంగా చేయించే అధికారం మిగల్లేదు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మహిళా సంఘాల అధ్యక్షురాళ్లకు పనులు అప్పగించారు. ఆలోచన మంచిదే, కానీ ఆమె పిల్లలు ఆ బడిలో చదువుతుండాలన్న నియమం ఏదీ లేదు.

డబ్బిస్తే చాలు అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో గ్రాంట్ల మీద ఒక పరిశోధన జరిగింది. గ్రాంటు వస్తుందని ఇంట్లోవాళ్లు ఊహించని మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ముందే తెలిసిపోయింది కాబట్టి నోటు పుస్తకాలూ పెన్నులూ బడే ఇస్తుందిలే అని ఇంట్లో ఖర్చు తగ్గించుకున్నారు. దాంతో ఆ లాభం కనిపించకుండా పోయింది. నేను దీన్నుంచి తెలుసుకున్నది ఏమంటే, ఇల్లు కొనగలిగినవి బడి కొనక్కర్లేదు. ఇంట్లో కొనలేనివి, అంటే నీళ్లు, కరెంటు, సెలవులో వెళ్లిన టీచరు స్థానంలో ఒక మనిషి, వీటికి కమిటీ చేతిలో షరతుల్లేని డబ్బు ఉండాలి.

మనిషి అన్నాను కాబట్టి టీచర్ల సంగతి. ఇక్కడే నేను సంపూర్ణ స్వేచ్ఛావాదులతో విడిపోతాను. రెగ్యులర్ టీచరును నియమించే, తీసేసే అధికారం ఊరికి ఇవ్వకూడదు. నేను ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు ఒక బడి కమిటీ మధ్యాహ్న భోజనం వండే మనిషిని మార్చాలని తీర్మానం చేసి పంపింది. కారణం ‘వంట రుచిగా లేదు’ అని రాశారు. వెళ్లి పిల్లల పక్కన కూర్చుని తిన్నాను, పప్పు బాగానే ఉంది. ఆమె ఎస్సీ అన్నదే అసలు కారణమని రెండు నిమిషాల్లో తేలిపోయింది. అదే ఊరికి టీచరును ఎంచుకునే హక్కు ఉంటే ఏం జరిగేదో చెప్పక్కర్లేదు. రాష్ట్ర స్థాయి డీఎస్సీ, రిజర్వేషన్ రోస్టర్, కౌన్సెలింగ్ బదిలీలు లోపాలతో నిండినవే. అయినా ఒక దళిత అమ్మాయి అగ్రకులాల ఊళ్లో హెచ్ఎం కుర్చీలో కూర్చోగలిగింది వాటి వల్లే.

కానీ ప్రసూతి సెలవుకు ఎస్జీటీ మేడం ఆరు నెలలు వెళ్తే ఆ తరగతికి ఎవరు? పై ఆఫీసు ‘వర్క్ అడ్జస్ట్‌మెంట్’ అంటుంది. అంటే పక్క ఊరి బడి నుంచి ఒకరిని లాగి అక్కడ ఖాళీ చేయడం. ఇలాంటి చోట కమిటీకి స్థానికంగా ఒక విద్యా వాలంటీరును పెట్టుకునే వీలు ఉండి తీరాలి. ఇది పనిచేస్తుందని మన రాష్ట్రంలోనే రుజువైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఏపీ బడుల్లో చేసిన ప్రయోగంలో అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చిన చోట పిల్లలు రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ మెరుగయ్యారు. కాంట్రాక్టు టీచర్ల గైర్హాజరు 18 శాతం, రెగ్యులర్ వాళ్లది 27 శాతం. ఈ అంకె మా యూనియన్ మిత్రులకు నచ్చదు, నాకూ నచ్చలేదు. నచ్చకపోయినా ఉన్నది ఉంది. ఆ వాలంటీర్లకు ఇచ్చింది రెగ్యులర్ జీతంలో ఐదో వంతు, ఇంకా తక్కువ కూడా. ఆ జీతంతో మనిషిని పదేళ్లు నిలబెట్టడం అన్యాయం. సెలవు ఖాళీల వరకే, గౌరవప్రదమైన వేతనంతో అంటాను.

పాఠం విషయంలో స్వేచ్ఛ గురించి కమిటీలు అడగవు, టీచర్లే అడగాలి. ఐదో తరగతిలో సగం మంది పేరా చదవలేరని టీచరుకు తెలుసు. కానీ ఈ వారం ఫలానా పాఠం అని పైనుంచి షెడ్యూలు, అదే తేదీకి రాష్ట్రమంతా ఒకే పరీక్ష. పుస్తకం పక్కనపెట్టి రెండు నెలలు చదవడం నేర్పిస్తానంటే ఇన్‌స్పెక్షన్‌లో సిలబస్ వెనకబడిందని రాస్తారు. పైగా యాప్‌లు: హాజరు, భోజనం, గుడ్లు, ఒక దశలో రోజూ మరుగుదొడ్ల ఫొటోలు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడొద్దంటుంది. ఫోన్ చేతిలో పెట్టి తరగతిలోనే వేరే పని చేయిస్తే ఏమనాలో దాన్ని రాసినవాళ్లు ఊహించి ఉండరు.

ఇప్పుడు మీ ప్రశ్నలో రెండో సగం, వోచర్లు. ఇందులో ప్రపంచంలో జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి మన ఊళ్లలోనే జరిగింది, అయినా మనవాళ్లకే ఎక్కువగా తెలియదు. 2008 నుంచి నాలుగేళ్లు, విశాఖపట్నం, తూర్పు గోదావరి, కడప, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో 180 గ్రామాల్లో. సగం గ్రామాలను లాటరీ తీసి ఎంచారు. ఆ గ్రామాల్లో దరఖాస్తు చేసిన సర్కారు బడి పిల్లల్లో మళ్లీ లాటరీ వేసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు పెట్టారు. చేసింది పైన చెప్పిన ఆ ఇద్దరు పరిశోధకులే, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడుగా. నాలుగేళ్ల తర్వాత గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్-సోషల్‌లో తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు ఇచ్చే సమయం తగ్గించి హిందీ చెప్పాయి. ప్రైవేటులో ఒక్కో పిల్లవాడికి అయిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

దీన్ని పట్టుకుని రెండు వర్గాలూ కొట్టుకుంటాయి. వోచర్లు కావాలనేవాళ్లు ‘మూడో వంతు ఖర్చుకే అదే చదువు, పైన హిందీ అదనం’ అంటారు. వద్దనేవాళ్లు ‘చూశారా, ప్రైవేటుకు పంపినా చదువు పెరగలేదు’ అంటారు. ఇద్దరిదీ నిజమే. నన్ను ఆపింది ఇంకో ఫలితం: వోచర్లు పంచిన ఊళ్లలో వెనక సర్కారు బడిలోనే ఉండిపోయిన పిల్లలకు నష్టమూ జరగలేదు, లాభమూ జరగలేదు. పోటీ వస్తే సర్కారు బడి మేల్కొంటుందన్న సిద్ధాంతం అక్కడ నిలబడలేదు. ఎందుకు మేల్కొంటుంది? కొందరు పిల్లలు పోయినంత మాత్రాన సాధారణంగా గ్రాంటు మారదు, మోటారు రిపేరుకు కావాల్సిన సంతకం మారదు, పరీక్ష తేదీ మారదు. ఈ వివరణ నాది, పరిశోధకులది కాదు. కానీ సంఖ్య మరీ తగ్గితే ఏం జరుగుతుందో మాత్రం అందరికీ తెలుసు: పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే రేషనలైజేషన్‌లో టీచరు పోతాడు, ఉన్న ఒక్కరూ మీటింగుకు వెళ్లిన రోజు బడి మూతపడుతుంది, అది చూసి మిగతా తల్లులూ బస్సు ఎక్కిస్తారు.

వోచర్‌కు దగ్గరిది మనం ఇప్పటికే చూశాం కూడా. ఏపీలో 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం ఏ బడి అని చూడకుండా తల్లి ఖాతాలో 15,000 అంది. పేరు మారి 2025లో తల్లికి వందనం అయ్యాక 13,000 తల్లికి, 2,000 బడి నిర్వహణకు. చదివించే తల్లికి అది గొప్ప ఆసరా, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ప్రైవేటు ఫీజు కట్టేవాళ్లకు, కట్టనివాళ్లకు ఒకే మొత్తం ఇస్తున్నామంటే ఫీజు బడివైపు ఒక చిన్న తోపు తోస్తున్నట్టే. ప్రైవేటు బడులు పేద పిల్లలకు ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెప్పిన 25 శాతం సీట్ల సంగతి ఇంకో రకం. ఏపీలో 2022-23లో గానీ మొదలవలేదు. తర్వాత ఫీజులు పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100గా నిర్ణయించి, అమ్మఒడి డబ్బులోంచి తల్లిదండ్రులే కట్టాలన్నారు. చట్టం ప్రకారం ఆ ఖర్చు ప్రభుత్వానిది. తెలంగాణలో ఆ నిబంధన ఏళ్ల తరబడి కాగితం దాటలేదు.

బయటి దేశం ఉదాహరణ ఒక్కటి చెప్పి ఆపుతాను. న్యూజిలాండ్ 1989లో ప్రతి బడికీ తల్లిదండ్రులు ఎన్నుకునే బోర్డు పెట్టి, ప్రిన్సిపల్‌ను నియమించే అధికారం కూడా దానికే ఇచ్చింది. బడ్జెట్ నిర్వహణలో అది బాగానే నడిచింది. 1991లో ‘ఏ ప్రాంతం పిల్లలు ఆ బడికే’ అన్న హద్దులు తీసేశారు. పేరున్న బడులు నిండిపోయాక పిల్లలు బడిని ఎంచుకోవడం పోయి, బడులు పిల్లలను ఎంచుకోవడం మొదలైంది. 2000లో హద్దులు మళ్లీ తెచ్చారు, బయటివాళ్లకు మిగిలే సీట్లకు లాటరీ పెట్టారు. మన చట్టం 13వ సెక్షన్ పిల్లలకు, తల్లిదండ్రులకు ఎంట్రన్స్ పెట్టొద్దని ముందే చెప్పింది. అయినా మీ ఊరి బస్సు వెళ్లే కాన్వెంటులో ఎల్‌కేజీకి ‘చిన్న ఇంటరాక్షన్’ ఉంటుంది, ఎంపిక ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది. కాబట్టి నన్ను అడిగితే ఎంపికను మొదట ప్రభుత్వ బడుల మధ్యే పెట్టండి అంటాను. పక్క ఊళ్లో తరగతికో టీచరున్న బడి ఉంటే అక్కడికి వెళ్లే పిల్లకు ఆటో ఖర్చు ఇవ్వండి. 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు జనం ఎదురుతిరిగింది దీనివల్లే. దూరం పెంచారు, అడగకుండా పెంచారు.

మీరు ఈ ఏడాది చేయగలిగినవి చెప్తాను.

సమావేశం నెలనెలా పెట్టించండి, కూలికి వెళ్లే తల్లులు వచ్చే వేళకు. ఉదయం పదకొండుకు పెడితే మీరూ హెచ్ఎమ్మే మిగులుతారు. హెచ్ఎం మీ కమిటీకి మెంబర్ కన్వీనర్, ఆయనతో గొడవపడి ఏమీ సాధించలేరు. చాలామంది హెచ్ఎంలు కమిటీ అంటే భయపడేది గతంలో ఎవరో ఒకరు బిల్లుల పేరుతో బెదిరించి ఉండటం వల్ల. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి అయిందన్నది నోటీసు బోర్డు మీద రాయిద్దాం, అది మీకూ రక్షణే అని ఆయనకు చెప్పండి. మోటారులాంటి అవసరాలకు ఊళ్లో దాతల నుంచి ఒక చిన్న నిధి పోగుచేసి, విడిగా లెక్క పుస్తకం పెట్టండి. గ్రాంటు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. 22వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలి, అంటే డిసెంబరు. చాలాచోట్ల హెచ్ఎం నిరుటిది చూసి కొత్తది రాసేసి సంతకం పెట్టమంటాడు. మీరు నవంబరులోనే కూర్చోండి. మూడేళ్లలో ఏ తరగతిలో ఎంతమంది ఉంటారు, అంగన్‌వాడీ నుంచి ఎంతమంది రాబోతున్నారు, ఏ టీచరు పోస్టు ఖాళీ కాబోతోంది, ఎవరి పిల్లలు ఏ కాన్వెంటుకు ఎందుకు వెళ్తున్నారు, అన్నీ ఇంటింటికీ తిరిగి రాసుకోండి. ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో సగం ఇంగ్లిష్ మీడియం గురించి కాదని మీకే తెలుస్తుంది. ‘సార్ రోజూ రాడు’, ‘నీళ్లు లేవు’, ‘మా తోటికోడలి పిల్లలు వెళ్తున్నారు’ అంటారు. దాన్ని తీర్మానంగా మినిట్స్‌లో ఎక్కించి, రెండు కాపీలు తీసి, ఎంఈవో ఆఫీసులో ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయడానికి గుమాస్తా కాస్త సతాయిస్తాడు, వేసేదాకా కదలకండి. మీ పదవీకాలం రెండేళ్లే. ఆ కాగితం ఉంటే తర్వాత వచ్చే ఛైర్మన్ మళ్లీ మొదటినుంచి అడగక్కర్లేదు.